గనికార్మికులు కట్టిన నాటకశాల

సాధారణముగా ఊళ్ళు నీటి వసతియు, సాగునకు తగిన నేలయు ఉన్నచోట వెలయును. మొదట నాలుగు గుడిసెలు లేచును, పొలము దున్నుదురు, బావి త్రవ్వుదురు, పిదప గుడియు, బడియు, అంగడియు ఏర్పడును. ఒక ఊరు పెరుగుటకు తరములు పట్టును. గనులయొద్ద పుట్టిన ఊళ్ళ సంగతి అట్టిది కాదు. నేలలో బంగారమున్నదను వార్త పొక్కిన కొలది దినములకే వేలకొలది జనులు అచ్చట క్రిక్కిరియుదురు. బంగారము తరిగినదని తెలిసిన మరునాడే మూటలు కట్టుకొని మరియొక తావునకు తరలిపోవుదురు. అట్టి ఊరికి వచ్చువారందరును పోవుటకే వత్తురు గాని నిలుచుటకు రారు. కావున పదికాలములపాటు నిలుచు కట్టడమును కట్టవలెనను తలంపు వారికి కలుగుట అరుదు. అట్లు అరుదుగా కలిగిన ఒక తలంపునకు గుర్తుగా అమెరికా దేశములోని కొలరాడో రాష్ట్రమున ఒక రాతి నాటకశాల నేటికిని నిలిచియున్నది. అది సెంట్రల్ సిటీ అను చిన్న పట్టణమునందలి ఒపెరా హౌస్.

సెంట్రల్ సిటీ రాకీ పర్వతములలో, డెన్వర్ నగరమునకు పడమట సుమారు 35 మైళ్ళ దూరమున, సముద్రమట్టమునకు సుమారు 8,500 అడుగుల ఎత్తున కలదు. 1859వ సంవత్సరమునకు పూర్వము అచ్చట ఊరన్నది లేదు. ఆ కొండలు యూట్ మొదలగు ఆదివాసి జాతులవారు వేటాడుచు సంచరించుచుండిన తావులు. 1858లో కొండల దిగువనున్న ఏరుల ఇసుకలో కొద్దిపాటి బంగారు రజను కనబడెను. మరుసటి వసంతమున వేలకొలది జనులు ఎద్దుబండ్లపైనను, కాలినడకను విశాలమైన మైదానములను దాటి వచ్చిరి. తరతరములుగా ఆ నేలను ఎరిగిన ఆదివాసుల అభిప్రాయమును ఎవ్వరును అడుగలేదు.

వంట చేయు ఇల్లాలు బియ్యమును నీటిలో గాలించి రాళ్ళను వేరుచేయునట్లు, ఆ వచ్చినవారు లోతులేని ఇనుప పళ్ళెములలో ఏటి ఇసుకను గాలించి, బరువుచేత అడుగున నిలిచిన రజనును ఏరుకొనుచుండిరి. కాని ఏటిలోని బంగారము ఏటిలో పుట్టినది కాదు. ఎగువనున్న కొండల బండలు ఎండకు, మంచునకు చితికి, వాననీటితో కొట్టుకొనివచ్చుటచే అది క్రిందికి చేరినది. రాతి పగుళ్ళలో నరమువలె ప్రాకియుండు ఖనిజమును సిర యందురు. సిర ఎచ్చట నున్నదో కనుగొన్నవాడు రజనుయొక్క పుట్టినింటిని కనుగొన్నవాడగును. జార్జియా రాష్ట్రమునుండి వచ్చిన జాన్ గ్రెగరీ అనునతడు ఏటివెంట పైపైకి పోయి, 1859 మే 6వ తేదీన ఒక ఇరుకులోయలో అట్టి సిరను కనుగొనెను. కొలది వారములలోనే ఆ లోయ గుడారములతో నిండిపోయెను. న్యూయార్కులో పేరుమోసిన పత్రికాధిపతియగు హొరేస్ గ్రీలీ ఆ వేసవిలోనే స్వయముగా వచ్చి చూచి, బంగారమున్న మాట నిజమేయని లోకమునకు తెలిపెను. గ్రెగరీ లోయలో వెలసిన పలు శిబిరములకు నడుమ నుండుటచే సెంట్రల్ సిటీకి ఆ పేరు వచ్చెను. ఆ పట్టణ పరిసరములను ధరణిపై మిక్కిలి సంపన్నమైన చదరపు మైలని అచ్చటివారు గర్వముతో చెప్పుకొనుచుండిరి.

అట్టి శిబిరములలో జీవితము కఠినమైనది. పగలెల్ల బండలు పగులగొట్టుట, రాత్రులు చలిలో వణకుట. ఇల్లాండ్రును, బిడ్డలును వేలమైళ్ళ దూరమున నుండిరి. చేతిలో రజను మాత్రము గలదు. అంగడిలో పిండి కొన్నను, సారాయి కొన్నను దానినే త్రాసులో తూచి ఇచ్చుచుండిరి. కష్టమును మరపించుటకు త్రాగుడును, జూదమును దారి కాచియుండెను. ఈ రెండింటికంటె మేలైన వినోదమును కోరువారు కూడ వారిలో కలరని నాటకసమాజములవారు త్వరలోనే గ్రహించిరి. డెన్వర్ పుట్టి ఏడాదియైనను నిండకమునుపే, 1859 అక్టోబరులో, అపోలో హాల్ అను మేడపై తొలి నాటకము ప్రదర్శింపబడెను. ఆ మేడకు క్రింద సారాయి దుకాణము. పైన క్రొవ్వొత్తుల వెలుతురున పాత్రధారులు పలుకుచుండగా, క్రిందినుండి గాజుపాత్రల గలగలలును, త్రాగుబోతుల పాటలును వినవచ్చుచుండెను. అయినను ప్రేక్షకులు కదలలేదు.

ఆ కాలపు నటులలో జాక్ లాంగ్రిష్ పేరు ముఖ్యమైనది. అతడు ఐర్లండులో జన్మించినవాడు, హాస్యపాత్రలలో దిట్ట. అతని భార్యయు నటియే. 1860లో డెన్వర్ చేరిన లాంగ్రిష్ తన సమాజముతో గని శిబిరమునుండి గని శిబిరమునకు తిరుగుచు, దొరికిన కొట్టములోనే తెరకట్టి ఆడుచుండెను. షేక్‌స్పియర్ విషాదాంత నాటకమును, దాని వెనువెంటనే కడుపుబ్బ నవ్వించు ప్రహసనమును ఒకే రాత్రి ప్రదర్శించుట ఆనాటి వాడుక. సెంట్రల్ సిటీలో అతడు నడపిన మోంటానా థియేటర్ ఊరివారికి అలవాటైన కూడలి అయ్యెను. అది కర్రతో కట్టినది. ఊరును కర్రతో కట్టినదే. ఏలయన ఎవ్వరును అచ్చట చిరకాలముండదలపలేదు.

బంగారము వారి అంచనాలను తారుమారు చేసెను. నేలపైభాగమున గల ఖనిజము గాలికి, నీటికి మెత్తబడి, అందలి బంగారము విడివడి యుండును. ఆ రాతిని బరువైన ఇనుప రోకళ్ళవంటి యంత్రములతో దంచి, పాదరసము పూసిన రాగిపలకలపై పారించినచో, బంగారము పాదరసమునకు అంటుకొనును. కాని గనులు లోతునకు పోయినకొలది రాతి స్వభావము మారెను. లోతున బంగారము గంధకముతోను, ఇనుముతోను పెనగొని యుండెను. ఎంత దంచినను అది పాదరసమునకు చిక్కక నీటితోపాటు ఏటిలో కలిసిపోవుచుండెను. కన్నులయెదుట ఐశ్వర్యమున్నను చేతికి రాని స్థితి. 1860వ దశాబ్దపు నడుమ పలు గనులు మూతబడెను, జనులు వలసపోజొచ్చిరి. ఊరు అంతటితో అంతరించి యుండవలసినదే.

దానిని రక్షించినది శాస్త్రజ్ఞానము. బ్రౌన్ విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్ర ఆచార్యుడైన నథానియల్ హిల్ ఈ చిక్కును పరిశీలించెను. బ్రిటన్ దేశపు వేల్స్ ప్రాంతములోని స్వాన్‌సీ పట్టణము ఆనాడు లోహములను కరగించు విద్యకు పేరుపొందినది. హిల్ సెంట్రల్ సిటీ రాతిని అచ్చటికి కొనిపోయి, కొలిమిలో కరగించి బంగారమును రాబట్టు పద్ధతిని నేర్చుకొని వచ్చెను. 1868లో సెంట్రల్ సిటీకి దిగువనున్న బ్లాక్‌హాక్ అను ఊరిలో అతని కర్మాగారము పనిచేయ నారంభించెను. గనులు మరల తెరువబడెను.

అయితే లోతుగనులలో పనిచేయుట పళ్ళెముతో ఇసుక గాలించుటవంటిది కాదు. రాతిలో సొరంగములు త్రవ్వవలెను. ఊరు నీటిని తోడివేయవలెను. కప్పు కూలకుండ దూలములు నిలుపవలెను. ఈ పనులలో ఆరితేరినవారు బ్రిటన్ నైరృతి కొననున్న కార్న్‌వాల్ ప్రాంతపు గనికార్మికులు. తాతముత్తాతలనాటినుండి వారు తగరపు గనులలోను, రాగి గనులలోను పనిచేసినవారు. స్వదేశమున గనులు క్షీణించుటచే బ్రదుకుతెరువునకై దేశదేశములకు పోయిన వారిలో పలువురు సెంట్రల్ సిటీకి వచ్చిరి. వేల్స్ ప్రాంతమువారును వారితో చేరిరి. వీరు భార్యాబిడ్డలతో వచ్చి స్థిరపడిరి. కొండవాలులలో సున్నము లేకుండ రాతిపై రాయి పేర్చి గట్టి గోడలు కట్టిరి. వీరు తమవెంట తెచ్చిన మరియొక ఆస్తి సంగీతము. కార్న్‌వాల్, వేల్స్ ప్రాంతములవారు పుట్టుపాటగాండ్రని ప్రతీతి. ప్రార్థనాలయములలో బృందముగా, పలు స్థాయిలలో గొంతులు కలిపి పాడుట వారికి చిన్ననాటినుండియు అభ్యాసము. పగటివేళ భూగర్భమున సుత్తి పట్టినవారే సాయంకాలము కూడి పాటలు సాధన చేయుచుండిరి.

ఇట్లు శిబిరము పట్టణమయ్యెను. 1872లో టెల్లర్ హౌస్ అను నాలుగంతస్తుల ఇటుక వసతిగృహము వెలసెను. మరుసటి సంవత్సరము అమెరికా అధ్యక్షుడు యులిసెస్ గ్రాంట్ ఊరికి రాగా, అతని బండి నిలిచిన చోటినుండి ఆ గృహద్వారము వరకును వెండి దిమ్మెలు పరచి నడిపించిరి. సంపదను చాటుకొనుటలో ఆ ఊరివారికి అంతటి ఉబలాటము.

వెండి దిమ్మెలు పరచిన ఏడాదికి ఊరు బూడిదయ్యెను. 1874 మే 21వ తేదీన అంటుకొన్న అగ్ని కర్రయిండ్లను ఒకదానివెంట నొకటిగా మ్రింగివేసెను. అంగళ్ళవీధులు నేలమట్టమయ్యెను. మోంటానా థియేటర్ కాలిపోయెను. టెల్లర్ హౌస్ మొదలైన కొలది ఇటుక, రాతి కట్టడములు మాత్రము మిగిలెను. అంతటి విపత్తు కలిగినప్పుడు అనేక గని శిబిరములు మరల లేవలేదు. సెంట్రల్ సిటీ ప్రజలు తిరిగి కట్టుకొనిరి. ఈ పర్యాయము కర్రను విడిచి ఇటుకను, రాతిని ఎన్నుకొనిరి. గడచినది నేర్పిన పాఠము ఆ గోడలలో కనబడుచున్నది.

ఊరు లేచినది గాని తగిన నాటకశాల లేదు. 1877లో ఊరిలోని స్త్రీపురుషులే కూడి ది బొహీమియన్ గర్ల్ అను ఒపెరాను ప్రదర్శించిరి. ఒపెరా యనగా మాటలకు మారుగా పాటలతోనే కథ నడచు సంగీతనాటకము. మన యక్షగానమునందువలె పాత్రలు పాడుచునే సంవాదము సాగింతురు. వెనుక పెద్ద వాద్యబృందముండును. దానిని ఆడుటకు ఆరితేరిన గాయకులు కావలెను. వృత్తినటులు ఒక్కరైనను లేక, ఊరివారే ఇంతటి పనిని నెరవేర్చగలిగిరి. ఆ విజయము వారిలో క్రొత్త కోరికను రేపెను. ఇంతమంది పాడగలవారున్న ఊరికి పాటకు తగిన మందిరముండవలదా అను మాట ప్రతి నోటను వినవచ్చెను. ఒక సంఘము ఏర్పడెను. వర్తకులు, గని యజమానులు, కార్మికులు తమ తమ శక్తికొలది సొమ్ము సమర్పించిరి. 20,000 డాలర్లకు పైబడిన ఈ కట్టడమును ఏ ఒక్క ధనవంతుడును తన పేర కట్టింపలేదు. ఇది గుర్తింపదగిన విషయము.

డెన్వర్ నగరమున పేరుపొందుచున్న రాబర్ట్ రోష్‌లాబ్ అను శిల్పి నమూనా గీసెను. గోడలు కొండరాతితో సుమారు నాలుగు అడుగుల మందమున లేచెను. రాతిపనిలో కార్న్‌వాల్, వేల్స్ ప్రాంతములవారి చేతులు కలిసెను. వెలుపలినుండి చూచినచో ఆ కట్టడమున ఆర్భాటము లేదు; కొండవాలును ఆనుకొని గంభీరముగా నిలిచియుండును. లోపల మాత్రము శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు చిత్రకారుడగు జాన్ మాస్మన్ గోడలమీదను, పైకప్పుమీదను కన్నులకు భ్రమ గొలుపు చిత్రములు రచించెను. సుమారు 750 మంది కూర్చుండుటకు వీలు కల్పింపబడెను. రంగస్థలమున పలికిన మాట వెనుకవరుసవరకును స్పష్టముగా వినబడుట ఆ మందిరముయొక్క గొప్ప గుణము. యంత్రముల సాయమున ధ్వనిని పెంచు ఉపాయము లేని ఆ దినములలో నాటకశాలకు అదియే ప్రాణము.

1878 మార్చి 4వ తేదీన నాటకశాల ప్రారంభోత్సవము జరిగెను. ఒకరాత్రి సంగీతము, మరుసటి రాత్రి నాటకము. దానికి థియేటర్ అనక ఒపెరా హౌస్ అని పేరిడుటకు కారణము కలదు. ఆ కాలమున పశ్చిమ ప్రాంతములలో థియేటర్ అను మాటకు సారాయి దుకాణముతో పొత్తు కుదిరియుండెను. మర్యాదస్తులు కుటుంబముతో పోవుటకు జంకుచుండిరి. ఒపెరా హౌస్ అన్నచో తల్లులు, బిడ్డలు నిస్సంకోచముగా రాదగిన చోటని అర్థము. అందువలన ఒపెరా ఎన్నడును ఆడని ఊళ్ళలో కూడ నాటకశాలలకు ఆ పేరే వెలసినది. సెంట్రల్ సిటీలో మాత్రము ఆ పేరు సార్థకమయ్యెను.

చిత్రమేమనగా, నాటకశాల తలుపులు తెరుచుకొన్న ఆ సంవత్సరమే ఊరి క్షీణత కూడ ఆరంభమయ్యెను. 1878లో హిల్ తన కర్మాగారమును డెన్వర్ దాపునకు తరలించెను. అదే కాలమున పర్వతములకు ఆవలనున్న లెడ్‌విల్ అను తావున అపారమైన వెండి బయల్పడెను. ధనమును, జనమును అటు మరలెను. లెడ్‌విల్ వెండిచే కోటికి పడగెత్తిన హొరేస్ టేబర్ అచ్చట 1879లో ఒక ఒపెరా హౌస్‌ను, డెన్వర్ నగరమున 1881లో అంతకంటె ఎన్నో రెట్లు వైభవముగల మరియొక దానిని కట్టించెను. పేరుగన్న సమాజములు ఆ గొప్ప రంగస్థలములను ఆశ్రయించెను. సెంట్రల్ సిటీకి వచ్చువారు తగ్గిరి. కట్టిన కొలది సంవత్సరములకే నాటకశాలను జిల్లా కచేరీగా మార్చవలెనను ఆలోచన పుట్టగా, ఊరివారు ఒప్పుకొనక దానిని కాపాడుకొనిరి.

ఆ గడ్డురోజులలో దానిని కనిపెట్టియుండినవాడు పీటర్ మక్‌ఫార్లేన్. అతడు కెనడానుండి వచ్చిన వడ్రంగి. పట్టణమున కట్టడముల గుత్తపనులు చేసినవాడు. కాలక్రమమున నాటకశాల అతని యాజమాన్యమునకు వచ్చెను. ఆదాయమునకంటె వ్యయమే ఎక్కువైనను అతడు దానిని విడువలేదు. 1893లో వెండిధర కుప్పకూలగా కొలరాడో అంతటను దారిద్ర్యము క్రమ్మెను. టేబర్ సర్వమును పోగొట్టుకొని 1899లో కన్నుమూసెను. సెంట్రల్ సిటీ గనులును క్రమముగా లోతునకు పోయి లాభము నశించెను. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున నాటకశాలలో చలనచిత్రములు చూపింపసాగిరి. 1927లో అదియు ఆగిపోయెను. 1880లో సుమారు 2,600 మంది నివసించిన పట్టణమున 1930 నాటికి 600 మందియైనను లేరు. కప్పునుండి నీరు కారుచుండెను. గోడల చిత్రములు మాసిపోయెను. నలుబది యేండ్లకు పూర్వము పాటలతో మారుమ్రోగిన చోట గబ్బిలములు చేరవలసిన కాలము వచ్చెను.

అప్పుడు ముందునకు వచ్చినవారు ఇద్దరు స్త్రీలు. ఒకరు ఐడా క్రూస్ మక్‌ఫార్లేన్. ఆమె సెంట్రల్ సిటీలో పుట్టి, మక్‌ఫార్లేన్ ఇంటి కోడలై, డెన్వర్ విశ్వవిద్యాలయమున ఆంగ్లసాహిత్యము బోధించుచుండెను. రెండవవారు ఆన్ ఎవాన్స్. ఆమె కొలరాడో పూర్వపు గవర్నరు కుమార్తె, కళాభిమాని. వీరి ప్రోద్బలముచే 1931లో మక్‌ఫార్లేన్ వారసులు నాటకశాలను డెన్వర్ విశ్వవిద్యాలయమునకు దానముగా ఇచ్చిరి. దానమిచ్చుట సులభము, బాగుచేయుట కష్టము. అది దేశమంతటను బ్యాంకులు మూతబడి, లక్షలాది జనులు పనులు కోల్పోయిన ఆర్థికమాంద్య కాలము. పాత నాటకశాలకు సొమ్మిచ్చువారెవ్వరు?

వారు ఒక చక్కని ఉపాయము చేసిరి. నాటకశాలకు హికరీ అను గట్టికర్రతో క్రొత్త కుర్చీలు చేయించుచు, 100 డాలర్లు విరాళమిచ్చినవారు కోరిన పేరును ఒక్కొక్క కుర్చీవీపున చెక్కింతుమని ప్రకటించిరి. పలువురు తమ పేర్లనుగాక, ఆ కొండలలో తొలుత కష్టపడిన తమ పెద్దల పేర్లను చెక్కించిరి. గనులలో పనిచేసి ఏ శిలాఫలకమునకును ఎక్కనివారికి ఇట్లు జ్ఞాపకచిహ్నములు దొరికెను. ఆలెన్ ట్రూ అను చిత్రకారుడు మాసిన చిత్రములకు తిరిగి వన్నె తెచ్చెను. ఊరివారు బూజు దులిపిరి, కప్పు బాగుచేసిరి. 1932 జూలై 16వ తేదీన తెర మరల లేచెను. రాబర్ట్ ఎడ్మండ్ జోన్స్ దర్శకత్వమున, చలనచిత్ర ప్రసిద్ధి గాంచిన లిలియన్ గిష్ కథానాయికగా, కెమీల్ అను ఫ్రెంచి నాటకము ప్రదర్శింపబడెను. ప్రేక్షకులలో పలువురు తాతలనాటి దుస్తులు ధరించి వచ్చిరి. నాటినుండి ప్రతి వేసవియందును అచ్చట ఉత్సవము జరుగుట ఆచారమయ్యెను.

రెండవ ప్రపంచయుద్ధము ఈ ఆచారమును కొంతకాలము ఆపెను. 1942లో ప్రభుత్వము యుద్ధమునకు అవసరము లేనివని బంగారు గనులను మూయించెను. నాటకశాల కూడ మూతబడెను. యుద్ధానంతరము 1946లో నాటకశాల తెరువబడెను. గనులలో పెక్కు మరల తెరువబడలేదు. ఈ ఒక్క సంగతియే ఆ ఊరి చరిత్రను క్లుప్తముగా చెప్పుచున్నది. దేనికొరకై ఊరు పుట్టినదో అది ఆగిపోయెను. విరామకాలమున విందు చేసికొనుటకై కట్టినది సాగిపోవుచుండెను.

1956 జూలై 7వ తేదీన ఆ రంగస్థలమున ది బ్యాలడ్ ఆఫ్ బేబీ డో అను క్రొత్త ఒపెరా తొలిసారి ప్రదర్శింపబడెను. సంగీతకర్త డగ్లస్ మూర్. రచయిత జాన్ లటూష్. ఆ కథ పరదేశపు రాజులదియు, దేవతలదియు కాదు. వెండిరాజుగా వెలిగి పతనమైన హొరేస్ టేబర్‌దియు, అతని భార్యయగు ఎలిజబెత్‌దియు. బేబీ డో అని జనులు పిలిచిన ఆ ఎలిజబెత్ 1877లో తొలిసారి కొలరాడోకు వచ్చినప్పుడు కాపురమున్నది సెంట్రల్ సిటీలోనే. భర్త మరణించిన తరువాత ఆమె లెడ్‌విల్ యొద్ద పాడుబడిన గనిప్రక్కన ఒక చిన్న గుడిసెలో, కటిక పేదరికమున, 35 సంవత్సరములు గడపి 1935లో ప్రాణములు విడిచెను. ఐశ్వర్యమునకై వచ్చినవారి ఆశలును, వారి పాట్లును పాటగా మారి గనికార్మికులు కట్టిన నాటకశాలలోనే వినబడెను. ఆ ఒపెరా నేడు అమెరికా సంగీతనాటకములలో మేలైనదిగా పరిగణింపబడుచున్నది.

1961లో సెంట్రల్ సిటీ, బ్లాక్‌హాక్ ప్రాంతము జాతీయ చారిత్రక స్థలముగా గుర్తింపు పొందెను. 1978లో నాటకశాలకు నూరేండ్లు నిండెను. ఆ సందర్భమున ఒక క్రొత్త ఒపెరా రచింపబడుటయేగాక, యువగాయకులకు శిక్షణ యిచ్చు ఏర్పాటును మొదలయ్యెను. 1991 అక్టోబరునుండి ఆ పట్టణమున చట్టబద్ధముగా జూదశాలలు వెలసినవి. తత్ఫలితముగా వచ్చు పన్నులో కొంత భాగము రాష్ట్రమునందలి ప్రాచీన కట్టడముల రక్షణకు వినియోగమగుచున్నది. జూదశాలల రాకచే వీధుల రూపము మారినను, సుమారు 550 మంది కూర్చుండు ఆ నాటకశాలలో వేసవి ఉత్సవములు సాగుచునేయున్నవి.

టేబర్ డెన్వర్ నగరమున కట్టించిన మహావైభవముగల ఒపెరా హౌస్ 1964లో పడగొట్టబడెను. పెరుగుచున్న నగరమున ఆ స్థలము కట్టడముకంటె విలువైనదయ్యెను. లెడ్‌విల్‌లో అతడు కట్టించినది కాలక్రమమున చేతులు మారి, కడపట ప్రజల పూనికచేతనే నిలిచెను. సెంట్రల్ సిటీ నాటకశాలకు ఆది నుండియు పలువురి చేతులు తోడైనవి. 1878లో పలువురు కలిసి కట్టిరి. కచేరీగా మారబోయినప్పుడు పలువురు కలిసి అడ్డుపడిరి. 1932లో పలువురు కలిసి బాగుచేసిరి. ఒక్కని సొత్తు ఆ ఒక్కనితో పోవచ్చును. పదిమంది సొత్తునకు పదిమంది కావలియుందురు.

ఆ లోయలో నుండి వెలికివచ్చిన బంగారము నాణెములై, నగలై, లోకమున నలుమూలలకు పోయినది. అది ఇప్పుడెచ్చట నున్నదో చెప్పగలవారు లేరు. దానిని త్రవ్వినవారిలో పలువురు ధనవంతులు కాలేదు. కొందరు గనులలోనే ప్రాణములు కోల్పోయిరి. అయినను వారు కూలిడబ్బులలో కొంత మిగిల్చి, రాతిపై రాయి నిలిపి కట్టిన మందిరమున నేటికిని పాట వినబడుచున్నది. ఆ కుర్చీల వీపులమీద ఆ ఊరి తొలి నివాసుల పేర్లు నేటికిని చదువవచ్చును.